జేజినాయన రైఫిల్

రేయ్ మామా,

నీ ఉత్తరం అంది నెల దాటింది, తిట్టుకుంటూ ఉంటావు. జేజినాయన దినాలు అయిపోయాయి కానీ ఆయన రైఫిల్ పంచాయతీ ఇంకా తెగలేదు. పొలం పంపకం ఒక్క పూటలో అయిపోయింది తెలుసా! నాలుగెకరాలకు మాట పెరగనోళ్ళు తుపాకీ దగ్గర ఆగిపోయారు.

మనం బడిలో అది మిలిటరీ తుపాకీ అని కోతలు కోసేవాళ్ళం, గుర్తుందా? కాదంట. మిలిటరీ వాడిన .303 బోరు (తూటా సైజు) మామూలు జనానికి నిషేధం. మనది లైసెన్సోళ్ళ కోసం బెంగాల్లోని ఇషాపూర్ తుపాకుల ఫ్యాక్టరీలో చేసిన .315 బోరు. నల్లమల అంచున శెనక్కాయ వేసినోడికి అడవిపందులతో నిద్రుండదని, పంట కాపలాకు తీసుకున్నాడు. ఒక్క పందినీ కొట్టలేదు. మంచె మీంచి గాల్లోకి ఒకటి పేల్చి, రెండో తూటా ఖర్చెందుకని రేకు డబ్బా వాయించేవాడు!

ఎన్నికలొచ్చినప్పుడల్లా దాన్ని దుప్పట్లో చుట్టుకుని స్టేషన్లో అప్పజెప్పి రసీదు తెచ్చుకునేవాడు కదా. డెబ్బై నిండినోళ్ళు బతికుండగానే వారసుడి పేరుకు మార్పించొచ్చని 2016 ఆయుధాల రూల్స్‌లో ఉంది. నాయన ఆ మాటెత్తితే, "అప్పుడే నన్ను ముసలోణ్ణి చేస్తావా?" అని రెండు రోజులు అన్నం దగ్గర అలిగాడు. అప్పుడే వినుంటే నాకీ తిరుగుడు తప్పేది.

జేజినాయన పోయిన మూడో రోజే నాయన రైఫిల్‌ని స్టేషన్లో పెట్టొచ్చాడు. లైసెన్సున్న మనిషి పోయాక ఊరికే ఇంట్లో ఉంచుకుంటే కేసవుతుంది. అక్కడా ఎల్లకాలం ఉండదు. గడువులోగా మా పేరుకు లైసెన్సు తెచ్చుకోవాలి, లేదా అమ్మాలి. ఏదీ చెయ్యకపోతే ప్రభుత్వానికి పోతుంది.

మొదట్లో నా పేరుకు మార్పించుకోవాలని భలే ఉబలాటం. కలెక్టరేట్ చుట్టూ తిరిగాక దిగింది. వారసులంతా అభ్యంతరం లేదని అఫిడవిట్ ఇవ్వాలి, డాక్టర్ సర్టిఫికెట్, తుపాకీ వాడకంలో శిక్షణ తీసుకున్నట్టు ఇంకో సర్టిఫికెట్, ఆపైన పోలీసు విచారణ. అవన్నీ తిప్పలు పడైనా తెచ్చేవాణ్ణి. కానీ చిన్నత్త సంతకం పెట్టనంది. ఆస్తి మీద ఆశ కాదు మామా. "తాగొచ్చినోడి చేతికి దొరికితే?" అంది, అంతే. ఎవరి గురించో అందరికీ తెలుసు. పేరు ఎవరూ ఎత్తలేదు. అమ్మ లేచి వంటింట్లోకి పోయింది.

ఆ రాత్రి దరఖాస్తు ముందేసుకున్నా. ఆయుధం ఎందుకు కావాలో రాయమని ఒక గడి ఉంది. చేనుకు సోలార్ కంచె వేసి రెండేళ్ళయింది, పందులు రావట్లేదు. ఇంక ఏం రాయాల? జేజినాయన గుర్తు అని రాస్తే ఇస్తారా? ఫారం మడిచి పెట్టేశా.

కర్నూల్లో లైసెన్సున్న డీలర్‌కు అమ్మేద్దామని నాయనతో చెప్పా. కొనేవాళ్ళకూ లైసెన్సు ఉండాలి కాబట్టి బేరం పెద్దగా పలకదు. పోనీలే అన్నాడు. భుజానికి తగిలించుకునే తోలు బెల్టు మాత్రం ముందే ఊడదీసి ఉంచుకున్నాడు, ఇప్పుడది ఆయన మంచం కోడుకు వేలాడుతోంది. దానికి లైసెన్సు అక్కర్లేదులే!

ఇంకొకటి. పదో తరగతి సెలవుల్లో మంచె కింద జేజినాయనతో మనిద్దరం దిగిన ఫొటో, నువ్వు రైఫిల్ తలకిందులుగా పట్టుకున్నది, నీ దగ్గరే ఉండాలి. మా దగ్గర ఆ తుపాకీతో ఆయన ఉన్న ఫొటో ఒక్కటీ లేదు. ఉగాదికి వచ్చేటప్పుడు మరిచిపోకుండా తీసుకురా.

నీ మామ