ఆ డిస్కులు పారేయకండి నాన్నగారూ

హాంబర్గ్,
డిసెంబరు

నాన్నగారికి, అమ్మకి నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. చలి మొదలైంది కానీ అమ్మ భయపడుతున్నంత లేదు. ఇంట్లో హీటర్ ఉంది, బయటికెళ్తే మందపాటి కోటు ఉంది. ఆఫీసులో ఎప్పటి పనే. నిన్న ఫోన్లో నాన్నగారు "అక్క పెళ్ళి డిస్కులు ఇంక పనికిరావటమ్మా, షాపతను పారేయమన్నాడు" అన్న దగ్గర్నుంచి నాకు మనసు మనసులో లేదు. ఇవన్నీ ఫోన్లో చెబితే మీకు సగం వినపడదు, అందుకే రాస్తున్నాను. అక్కని ప్రింటు తీసి ఇమ్మన్నాను. కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చదవండి.

ముందు ఒక్క మాట. డిస్కులు పారేయకండి. మళ్ళీ ఆ షాపుకి ఇవ్వకండి. పాడైనవి డిస్కులు కావు, వాటి నుంచి అతను తీసిచ్చిన ఫైళ్ళు. ఈ రెండింటికీ చాలా తేడా ఉంది. మొన్న పాత డివిడి ప్లేయర్లో వేసి చూస్తే అప్పగింతల దాకా వచ్చిందని అమ్మే చెప్పింది కదా. ప్లేయర్లో చివరిదాకా ఆడిన డిస్కు పాడైపోయిందంటే ఎలా నమ్ముతాం?

అప్పగింతల సంగతే ముందు చెబుతాను, మీరు ఎక్కువ బాధపడుతున్నది దానికే కాబట్టి. టీవీలో పెడితే పల్లకీ వరకూ వచ్చి ఆగిపోతోందన్నారు. నేను ఇక్కడి నుంచే ఇంట్లో మన వీడియోలన్నీ దాచి టీవీకి పంపే ఆ చిన్న కంప్యూటర్ బాక్సులోకి నెట్‌లో వెళ్ళి ఆ ఫైలు సైజు చూశాను. 4,29,49,67,295 బైట్లు. ఆ అంకె చూడగానే ప్రాణం లేచొచ్చింది నాన్నగారూ. అది సరిగ్గా 4 జీబీకి ఒక్క బైటు తక్కువ. షాపతను ఎక్కించిచ్చిన పెన్‌డ్రైవు ఫ్యాట్32 అనే పాత పద్ధతిలో ఉంది. అందులో ఒక్కో ఫైలు అంతకు మించి పట్టదు. నిండా రికార్డు చేసిన డివిడి మీద 4.7 అని రాసుంటుంది, కంప్యూటర్ లెక్కలో అది సుమారు 4.37 జీబీ. అంటే ఆ పైనున్న కాస్తా పెన్‌డ్రైవులోకి ఎక్కనే లేదు. రెండు గంటల వీడియోలో అది చివరి పది నిమిషాలు. అదే అక్క అప్పగింతలు. ఎక్కడికీ పోలేదు, డిస్కులో భద్రంగా ఉన్నాయి. తిన్నగా హార్డ్ డిస్కులోకి తీసుకుంటే మొత్తం వస్తుంది.

అమ్మా, బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి గురువారం వెళ్ళావట, అక్క చెప్పింది. మార్గశిరంలో ఆ క్యూలో అంతసేపు నిలబడటం నీ మోకాళ్ళకి మంచిది కాదు. వెళ్ళొద్దని అనను. అమ్మవారికి నువ్వు పసుపు కుంకుమ ఇవ్వకుండా ఉండలేవని నాకు తెలుసు. బావని తోడు తీసుకెళ్ళు, తెల్లవారుజామున వెళ్ళు.

నాయనమ్మ డిస్కు గురించి. "పెదాలు ముందు కదులుతున్నాయి, మాట తర్వాత వస్తోంది, చూడలేక కట్టేశాను" అన్నారు మీరు. నేనూ పెట్టి చూశాను. పెళ్ళి పందిట్లో వీడియో అతను లైటు మొహం మీద పెడితే నాయనమ్మ కొంగు అడ్డం పెట్టుకుని "ఆ లైటు తియ్యరా బాబూ, కళ్ళు పోతన్నాయి" అంటుందే, అక్కడ. కొంగు దించేసి నవ్వేశాక ఆ మాట వినిపిస్తోంది. ఆవిడ గొంతు మనకి మిగిలింది అదొక్కచోటే. అది అలా తప్పి వస్తే మీకెలా ఉంటుందో నాకు తెలుసు. నాకూ అలాగే ఉంది.

మాటా బొమ్మా కలవకపోవడం మూడు రకాలుగా జరుగుతుంది. మొదటి నుంచి చివరిదాకా ఒకే తేడా ఉంటే, మాటని అంత ముందుకో వెనక్కో జరిపితే చాలు, నిమిషంలో పని. తేడా కొంచెం కొంచెంగా పెరుగుతూ పోతే బొమ్మల వేగం తప్పు పెట్టారని అర్థం. మన దేశంలో డివిడిలు సెకనుకి 25 బొమ్మలు, దాన్ని ఇంకో లెక్కలోకి మార్చేటప్పుడు తేడా వస్తుంది. మూడోది, ఒకచోట వరకూ బాగుండి, అక్కడ ఉన్నట్టుండి తప్పి, ఆ తర్వాత అదే తేడాతో సాగడం. మనది ఇదే. గణపతి పూజ దగ్గర బాగుంది, జీలకర్ర బెల్లం దగ్గరా బాగుంది, తలంబ్రాలకి ముందు ఒకచోట బొమ్మ చటుక్కున ఎగిరింది. అక్కడ డిస్కు మీద మరకో గీతో ఉండి, డ్రైవు చదవలేక కొన్ని బొమ్మలు వదిలేసింది, మాట మాత్రం వదల్లేదు. దాంతో బొమ్మ ముందుకెళ్ళిపోయింది, మాట వెనకబడింది. మరక పోతే ఆ బొమ్మలు తిరిగి రావచ్చు. రాకపోయినా ఆ చోట కోసి, అక్కడి నుంచి మాటని జరిపి కలిపేస్తాను. నాయనమ్మ మాట నాయనమ్మ నోటి నుంచే వస్తుంది, ఆ పూచీ నాది.

అందుకని ఒక పని చేసిపెట్టండి. ఆ డిస్కు అంచులు పట్టుకుని కిటికీ వెలుగులో ఏటవాలుగా తిప్పి చూడండి. మెరిసే వైపు తెల్లగా పొగమంచు పట్టినట్టుంటే బూజు. మన సముద్రపు గాలికి అది మామూలే. గోరువెచ్చటి నీళ్ళలో గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసి, మెత్తటి నూలుగుడ్డ తడిపి, మధ్య కన్నం దగ్గర్నుంచి అంచు వైపు తిన్నగా తుడవండి. గుండ్రంగా రుద్దకండి. గుండ్రంగా గీత పడితే అది ట్రాక్ వెంటే పోతుంది, డ్రైవు అస్సలు చదవలేదు. టూత్‌పేస్టు రుద్దమని ఎవరైనా చెబితే వద్దు. నీడలో ఆరబెట్టండి, ఎండలో కాదు. ఈ డిస్కుల్లో రాత నిలిచేది ఒక రంగు పొర మీద, ఎండ తగిలితే అది పోతుంది. పైవైపు బాల్‌పెన్నుతో ఏమీ రాయకండి.

హుద్‌హుద్ వచ్చినప్పుడు, 2014 అక్టోబరులో, కిటికీ అద్దాలు పగిలి హాలంతా నీళ్ళైతే, మీరు ముందు చేసిన పని బీరువాలో ఇంటి దస్తావేజులతో పాటు ఈ డిస్కుల్ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి పై అరలో పెట్టడం. రోజుల తరబడి కరెంటు లేదు, నీళ్ళు లేవు, అప్పుడు కూడా అవి తడవకుండా కాపాడారు. అంత కష్టపడి కాపాడినవాటిని ఇప్పుడు ఎవరో పారేయమంటే పారేస్తారా?

తుడిచాక పిన్ని వాళ్ళ అబ్బాయికి ఇవ్వండి. వాడి దగ్గర యూఎస్‌బీకి తగిలించే డివిడి డ్రైవు ఉంది. ఒక డ్రైవు చదవలేనిది ఇంకొకటి చదవడం తరచూ జరిగేదే. ఏం చేయాలో వాడికి రాసి పంపాను. డిడిరెస్క్యూ అనే ప్రోగ్రాంతో డిస్కుని ఉన్నదున్నట్టు కాపీ తీస్తాడు. అది బాగున్న చోట్లన్నీ ముందు చదివేసి, చదవలేని చోట్లకి మళ్ళీ మళ్ళీ తిరిగొస్తుంది. రాత్రంతా పట్టొచ్చు, తొందరపెట్టకండి. డిస్కులో వీడియో ఒక్క ఫైలుగా ఉండదు, 1 జీబీ చొప్పున ముక్కలుగా ఉంటుంది. వాటి వరస చెప్పే చిన్న ఫైళ్ళు వేరే ఉంటాయి. షాపతను ఆ చిన్న ఫైళ్ళని వదిలేసి ముక్కల్ని ఒకటిగా అతికించి, పేరు మార్చి ఇచ్చేశాడు. అక్క ఓణీల ఫంక్షను ముందుకి జరిపితే మళ్ళీ మొదటికి వెళ్ళిపోవడం, నిడివి తప్పు చూపించడం అందుకే. మొత్తం కాపీ ఉంటే మేక్ ఎంకేవీ అనే ఇంకో ప్రోగ్రాంతో వరస చెడకుండా, నాణ్యత ఇసుమంత తగ్గకుండా తీయొచ్చు.

అన్నట్టు అమ్మా, ఆ ఓణీల ఫంక్షను మీద ఎవరో తెల్లావిడ బొమ్మ వస్తోందని, ఎవరో మన బాక్సులో దూరారని టెన్షన్ పడ్డావట. ఎవరూ దూరలేదు. బాక్సులోని వీడియోల్ని టీవీలో చూపించే జెల్లీఫిన్ అనే ప్రోగ్రాంలో ఆ ఫోల్డరు సినిమాల కింద ఉంది. ఫైలు పేరుకి దగ్గరగా ఉన్న ఏదో సినిమా పోస్టరు తెచ్చి అదే తగిలించేసింది. ఇంటి వీడియోలు అనే రకానికి మార్చేశాను, ఇప్పుడు నీ కూతురే కనిపిస్తుంది. అందరం లావుగా కనపడుతున్నామన్నావు, అదీ డిస్కు తప్పు కాదు. పాత వీడియో 4:3, అంటే వెడల్పు నాలుగైతే ఎత్తు మూడు, దాన్ని కొత్త టీవీ వెడల్పుకి సాగదీసేశారు. ఫైల్లో ఒక చిన్న గుర్తు మారిస్తే అందరూ మామూలుగా అయిపోతారు. తలంబ్రాలు పోసేటప్పుడు చేతుల చుట్టూ దువ్వెన పళ్ళలా గీతలు వస్తున్నాయే, అవి మాత్రం కొంచెం పని. అప్పటి కెమెరాలు ఒక్కో బొమ్మని సరి గీతలు, బేసి గీతలుగా రెండు క్షణాల్లో తీసేవి. కదలిక ఉన్నచోట రెండూ కలవవు. దానికి ఫిల్టరు ఉంది, నేను ఇక్కడ వేస్తాను. అసలు కాపీని మాత్రం ముట్టుకోను, అది అలాగే ఉంచుతాం.

టీవీలో ఆగి ఆగి రావడం, బాక్సులో ఫ్యాను గొడవ చేయడం వేరే సంగతి. టీవీకి ఆ పాత పద్ధతి వీడియో అర్థం కాదు. అందుకని పెట్టిన ప్రతిసారీ ఆ చిన్న బాక్సు అప్పటికప్పుడు మార్చి పంపాలి, దాని శక్తి చాలట్లేదు. ఒకేసారి టీవీకి నచ్చే రకంలోకి మార్చి పెట్టేస్తే ఆ అవస్థ ఉండదు. ఇంకోటి, అమ్మా, బాక్సు మీద నువ్వు వేసిన కుట్టుపని గుడ్డ తీసెయ్. అందంగానే ఉంది కానీ దానికి గాలాడాలి. ఇన్వర్టరు ప్లగ్గులోకి మార్చమని బావకి చెప్పు. ఫైలు రాస్తుండగా కరెంటు పోతే పాడవుతుంది. ఒక ఫైలు సైజు అంతా ఉండి అస్సలు తెరుచుకోవట్లేదు, అది అలాంటిదే అయ్యుంటుంది.

నేనొక్కదాన్నే ఇక్కడ ఎలా ఉంటున్నానని అత్తయ్య మళ్ళీ అడిగిందట. నేను ఒంటరిగా ఏమీ లేను. పక్క ఫ్లాట్లో గుంటూరు అమ్మాయి ఉంది, ఆదివారం ఇద్దరం కలిసి వండుకుంటాం. సంబంధాల విషయం నేను వచ్చాక ఎదురుగా కూర్చుని మాట్లాడదాం, ఇప్పుడే ఎవరికీ మాటివ్వకండి. కోపంతో అంటున్నది కాదు.

నాన్నగారూ, షిప్‌యార్డులో అన్నాళ్ళు లాగ్‌బుక్ రాసిన చెయ్యి మీది. ఒక నోటుపుస్తకం పెట్టండి. ఒక్కో డిస్కుకీ ఒక పేజీ. పైన ఏముంది, ఏ నిమిషం దగ్గర ఆగుతోంది, ఎక్కడ మాట తప్పుతోంది, మొదట్లో, మధ్యలో, చివర్లో చూసి రాయండి. మీరు రాసిచ్చింది నాకు ఏ ప్రోగ్రామూ చెప్పలేదు, ఎందుకంటే ఆ బొమ్మల్లో ఎవరెవరున్నారో తెలిసింది మీకే. పెద్దత్తయ్య గృహప్రవేశం డిస్కు కనపడలేదన్నారు, బీరువా పై అరలో చీరల వెనక చూడండి. మీకు అక్కడ రాత్రి తొమ్మిదైతే నాకిక్కడ సాయంత్రం నాలుగున్నర. ఆదివారం ఆ వేళకి ఫోన్ చేస్తాను, పుస్తకం పక్కన పెట్టుకోండి. బీపీ మాత్ర వేసుకున్నారా లేదా కూడా అప్పుడే అడుగుతాను.

ఉంటాను,
మీ చిట్టి

మర్చిపోయాను. వచ్చే నెల మా ఆఫీసతను వైజాగ్ నుంచి వస్తున్నాడు. మాడుగుల హల్వా అరకిలో చాలు, ఊరగాయలు పెట్టకండి, అతని సామాను ఇప్పటికే ఎక్కువైంది. డిస్కులు మాత్రం అతనితో పంపకండి, అవి మన బీరువాలోనే ఉండాలి.