సైరన్ మోగినా కాన్పులు ఆగవు

సంపాదకుడి గారికి,

2025 మే 7న దేశమంతటా జరిగిన పౌర రక్షణ విన్యాసాల్లో మన విశాఖ కూడా ఉంది. సైరన్ వినగానే ఎక్కడ తలదాచుకోవాలో, మంటలు ఎలా ఆర్పాలో, గాయపడినవారిని ఎలా మోసుకెళ్లాలో చూపించారు. మంచిదే. కానీ నేను చూసినంతలో నెలలు నిండిన గర్భిణుల మాట ఎవరూ ఎత్తలేదు. ఓడరేవు, నౌకాదళం, చమురు శుద్ధి కర్మాగారం ఉన్న ఊరు మనది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు ఇక్కడ బాంబులు వేశాయి. పేదింటి ఆడవాళ్లు పురుటికి వెళ్లే ఘోషాసుపత్రి, కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) ఈ రేవుకు ఎంతో దూరంలో లేవు.

2022 మార్చి 9న ఉక్రెయిన్‌లోని మరియుపోల్‌లో బాంబు ప్రసూతి ఆసుపత్రి మీదే పడింది. అంత జరగకపోయినా ప్రాణాలు పోతాయి. 2023 నవంబరులో గాజాలోని అల్ షిఫా ఆసుపత్రిలో ఇంధనం లేక ఇంక్యుబేటర్లు ఆగిపోయాయి. నెలలు నిండకుండా పుట్టిన పసికందుల్లో కొందరు చనిపోగా, మిగిలిన 31 మందిని రఫాకు తరలించారు. ప్రసూతి కేసులు చూసే ఆసుపత్రుల జోలికి వెళ్లకూడదని జెనీవా ఒప్పందం చెబుతుంది. జనరేటర్‌లో డీజిల్ ఉందో లేదో మాత్రం మనమే చూసుకోవాలి.

బ్రిటన్ 1939లో, లండన్‌పై బాంబులు పడకముందే, గర్భిణులను పల్లెలకు పంపి అక్కడి దొరల భవనాలను పురుటి ఆసుపత్రులుగా మార్చింది. లండన్ నగర ప్రసూతి ఆసుపత్రి హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని బ్రాకెట్ హాల్‌కు తరలింది. సుమారు పదేళ్లలో ఆ మేడలో 8 వేలకు పైగా పిల్లలు పుట్టారు.

మనం భవంతులు వెతుక్కోనక్కర్లేదు. తుపాను హెచ్చరిక రాగానే ప్రసవ తేదీ దగ్గరపడినవారిని ముందే ఆసుపత్రులకు చేర్చడం మన కోస్తాకు అలవాటే. కొండల మీది గర్భిణులను నొప్పులు రాకముందే దించి ఉంచడానికి సాలూరు, గుమ్మలక్ష్మీపురంలో వసతి గృహాలు నడిపారు. అయితే తుపాను కబురు రెండు మూడు రోజుల ముందు అందుతుంది, క్షిపణి కబురు అందదు. అందుకే ఆశ కార్యకర్తల దగ్గరున్న గర్భిణుల జాబితాలు పౌర రక్షణ అధికారుల చేతిలోనూ ఉండాలి. ఏ వార్డువారు అనకాపల్లికి వెళ్లాలో, పెద్దాపరేషన్ అవసరమయ్యేవారు విజయనగరం ఘోషాసుపత్రికి ఏ దారిన వెళ్లాలో ఇప్పుడే నిర్ణయించాలి. ఆ ఆసుపత్రుల్లో మత్తు డాక్టరు, రక్తం నిల్వ రాత్రివేళ కూడా ఉంటాయో లేదో తేల్చాలి. తోడుగా వచ్చే అమ్మకో అత్తకో చోటు చూపకపోతే ఏ గర్భిణీ ఇల్లు కదలదు. లండన్ నుంచి పల్లెలకు వెళ్లిన తల్లుల్లోనూ చాలామంది కొన్ని నెలలకే వెనక్కి వచ్చేశారు.

ఈసారి విన్యాసం జరిపినప్పుడు ఒక కార్యకర్తను గర్భిణిగా భావించి, దీపాలు ఆర్పిన చీకట్లో జాలరిపేట నుంచి అనకాపల్లి ఆసుపత్రి కాన్పుల గదికి చేర్చి చూడాలి. 108 వాహనానికి ఎన్ని నిమిషాలు పట్టిందో కలెక్టరు గారు పత్రికలకు చెప్పాలి.

— ఒక పాఠకురాలు, విశాఖపట్నం