ఎముక చెప్పేది అంచనా మాత్రమే

అయ్యా,

యలహంకలో మా ఇంటి పక్కన కట్టడం పనికి కళ్యాణదుర్గం నుంచి వచ్చిన ఒక కుర్రవాడి వయసు తేల్చడానికి మణికట్టు ఎక్స్‌రే తీయించగా, నివేదికలో "17 నుంచి 19" అని ఉన్నదాన్ని ఒక కార్యాలయంలో 19గా రాసుకోవడం దగ్గరుండి చూశాను. ఆ ఫిల్ములో ముంజేతి ఎముక కొసన, ఎదుగుదల ముగిసేకొద్దీ మాసిపోయే సన్నని గీత ఇంకా పూర్తిగా పోలేదు. అది మాసే కాలం అందరికీ ఒకటి కాదు. తిండి, జబ్బులు, ఆడా మగా తేడా దాన్ని ముందుకో వెనక్కో జరుపుతాయి. జ్ఞానదంతం సంగతి మరీను: సాధారణంగా 17కీ 25కీ మధ్య ఎప్పుడైనా రావచ్చు, కొందరికి అసలే రాదు (నా భార్యకు 40 దాటినా రాలేదు). రేడియాలజిస్టుకు తెలిసిన ఈ సంగతి గుమాస్తా దాకా చేరదు.

2015 నాటి బాలల న్యాయ చట్టం 94వ సెక్షన్ ప్రకారం ముందు బడి సర్టిఫికెట్టు, అది లేకుంటే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన ధ్రువపత్రం చూడాలి. ఆ రెండూ దొరకనప్పుడే ఎముకల పరీక్ష. ఎక్స్‌రే అంచనా అటూ ఇటూ రెండేళ్లు తప్పవచ్చునని సుప్రీంకోర్టు 1982లో జయమాల కేసులోనే గుర్తించింది. ఈ కుర్రవాడి బడి రికార్డు ఊళ్లోనే ఉంది. ఫోను చేస్తే ప్రధానోపాధ్యాయులు సాయంత్రానికల్లా ఫొటో తీసి పంపారు. దాని ప్రకారం అతనికి 17 నిండి రెండు నెలలు.

– ఒక పాఠకుడు, యలహంక, బెంగళూరు