అంబాసిడర్ పేరు ఎలాగూ పోయింది, బండ్లనైనా బతకనివ్వండి

కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల శాఖ మంత్రి గారికి నమస్కారం.

2017 ఫిబ్రవరిలో హిందుస్థాన్ మోటార్స్ అంబాసిడర్ పేరును ఫ్రాన్స్‌కు చెందిన పెజోకు 80 కోట్ల రూపాయలకు అమ్మేసింది. ఆ వార్త చదివి మా నాన్న అన్నం ముందు నుంచి లేచిపోయారు. ముప్పై ఏళ్లు విజయవాడ స్టేషన్ ముందు అంబాసిడర్ టాక్సీ నడిపిన మనిషి ఆయన.

దాని మూలం ఇంగ్లండు కారు మోరిస్ ఆక్స్‌ఫర్డే, కాదనను. కానీ 1950ల చివరి నుంచి 2014 మే దాకా పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారాలో తయారై మన ఇంటి మనిషైపోయింది. ఎన్ని ఊళ్లలో పెళ్లికూతుర్ని అత్తారింట దింపిందో! పేరు కొన్న కంపెనీ ఇన్నేళ్లలో ఆ పేరుతో ఒక్క కారూ మన రోడ్లెక్కించలేదు. నా బాధంతా అదే.

మా షెడ్డులో 1984 నాటి బండి ఉంది. స్టీరింగ్ పక్కనున్న గేరు రాడ్డు మీద నలుపు రంగు, నాన్న చెయ్యి పడిన మేర అరిగి ఇనుము తేలింది. పాతబడిందని దాన్ని తుక్కుకు ఎలా వెయ్యమంటారు?

2021లో మీ శాఖ తెచ్చిన నిబంధనల్లో 50 ఏళ్లు దాటితేనే వింటేజ్, అంటే కాపాడుకోదగ్గ పాతకాలపు బండి అన్న గుర్తింపు. తయారీ ఆగిపోయిన ఇలాంటి కార్లకు దాన్ని 30 ఏళ్లకు తగ్గించండి. రోజూ రోడ్డెక్కించం. పండక్కి ఒకసారి నాన్నను కూర్చోబెట్టుకుని కృష్ణ ఒడ్డు దాకా వెళ్లొస్తాం, అంతే.

ఇట్లు,
ఒక టాక్సీ డ్రైవరు కొడుకు