మత్తు గ్యాస్ మేమూ పీలుస్తున్నాం

సంపాదకులకు నమస్కారం.

నేను 19 ఏళ్లు ఆపరేషన్ థియేటర్‌లో స్టాఫ్ నర్సుగా పనిచేశాను. అందులో ఎక్కువ కాలం మత్తు డాక్టరు పక్కనే నిలబడ్డాను. అమెరికాలో అందుకోసం ప్రత్యేకంగా చదువుకున్న నర్సులు కూడా మత్తు ఇస్తారు. మన దగ్గర ఇచ్చేది డాక్టరే. మందులు సిరంజిల్లోకి ఎక్కించడం, శ్వాస కోసం గొంతులో పెట్టే ట్యూబు అందించడం, ఆపరేషన్ అయ్యాక రోగి కళ్లు తెరిచేదాకా తల దగ్గర ఉండడం మా పని, అనస్థీషియా టెక్నీషియన్ల పని. మా జిల్లాలోని చిన్న ఆసుపత్రుల్లో ఈ పని నేర్చుకున్న పిల్లలు రెండు మూడేళ్లకు మించి నిలవడం లేదు. జీతం చాలక వెళ్లిపోతున్నారని యాజమాన్యాలు అంటాయి. నిజమే, కానీ ఆరోగ్యం పాడై వెళ్లిపోయినవాళ్లను కూడా నేను చూశాను.

ముందు గ్యాస్ సంగతి చెప్పాలి. మెలకువగా ఉన్న చిన్నపిల్లలు సూది పెట్టనివ్వరు. అందుకని మాస్కుతో సెవోఫ్లూరేన్ అనే మత్తు గ్యాస్ పీల్పించి నిద్రపుచ్చుతారు. బిడ్డ ఏడుస్తూ తల తిప్పేస్తుంటే మాస్కు ముఖానికి సరిగా ఆనదు. ఆ గ్యాస్ మా ముఖాల మీదికే వస్తుంది. టాన్సిల్స్ కేసులు వరుసగా నాలుగైదు పడిన రోజు మధ్యాహ్నానికి నాకు తల పగిలిపోయేది. రోగి వదిలిన గ్యాస్‌ను మిషన్ నుంచి గది బయటికి పంపే ఏర్పాటును స్కావెంజింగ్ అంటారు. నేను చివరగా పనిచేసిన నర్సింగ్ హోమ్‌లో మిషన్‌కు ఆ పైపు తగిలించే చోటు ఉంది, పైపే లేదు. గదిలో ఉన్నది స్ప్లిట్ ఏసీ. అది బయటి గాలి తీసుకోదు, లోపలి గాలినే చల్లబరిచి మళ్లీ మా మీదికి వదులుతుంది.

అమెరికాలో వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ 1977లోనే హద్దులు చెప్పింది. థియేటర్ గాలిలో నైట్రస్ ఆక్సైడ్ అనే మత్తు గ్యాస్ 25 పీపీఎం (అంటే పది లక్షల భాగాల గాలిలో 25 భాగాలు), హాలోథేన్ జాతి మత్తు మందులు 2 పీపీఎం దాటకూడదని. నా 19 ఏళ్లలో మా థియేటర్ గాలిని కొలవడానికి ఒక్కరూ రాలేదు. పాతకాలపు మత్తుమందు క్లోరోఫాం రోగికి ఎంత క్షేమమో తేల్చడానికి 1888, 1889లలో మన హైదరాబాద్‌లోనే రెండు కమిషన్లు కూర్చున్నాయి. పక్కన నిలబడి రోజూ పీల్చేవాళ్ల గురించి ఇప్పటికైనా అడగాలి కదా.

నా దగ్గర పని నేర్చుకున్న ఒకమ్మాయికి వరుసగా రెండుసార్లు గర్భం నిలవలేదు. అది గ్యాస్ వల్లేనని నేను అనను, అలా తేల్చి చెప్పడం ఎవరి వల్లా కాదు. కానీ స్కావెంజింగ్ లేని పాతకాలపు థియేటర్లలో పనిచేసినవాళ్ల మీద జరిగిన పరిశోధనల్లో గర్భస్రావాలు ఎక్కువగా కనిపించాయి. మా థియేటర్ ఇంకా ఆ కాలంలోనే ఉంది. మూడోసారి నెల తప్పగానే తనను వార్డులోకి మార్చమని అడిగింది. ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) చేయలేకపోతే మానెయ్యమన్నారు. మానేసింది. ఇప్పుడు ఒక మెడికల్ షాపులో కూర్చుంటోంది. పిల్లవాణ్ణి చూస్తే ఏ సైజు ట్యూబు పడుతుందో చెప్పగల మనిషి!

సూదుల విషయానికి వస్తే, బయోమెడికల్ వ్యర్థాల నిబంధనలు 2016లో వచ్చాయి. సిబ్బందికి హెపటైటిస్ బి, ధనుర్వాతం టీకాలు వేయించాలి, ఏడాదికి ఒక్కసారైనా ఆరోగ్య పరీక్షలు చేయించాలి అని వాటిలో స్పష్టంగా ఉంది. నా వేలికి సూది గుచ్చుకున్న రోజు రోగి రిపోర్టులు చూపించమంటే, 'చేతులు కడుక్కో సిస్టర్, ఏం కాదు' అన్నారు. హెపటైటిస్ టీకా మూడు డోసులూ నా డబ్బులతోనే వేయించుకున్నాను. ఈ పనిలో ఉన్న పిల్లలు ఒకటి గుర్తుపెట్టుకోండమ్మా. సూది గుచ్చుకుంటే ఎవరు వద్దన్నా వెంటనే ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల లోపే మొదలుపెట్టాలి, 28 రోజులు వాడాలి.

రాత్రి రెండింటికి సిజేరియన్‌కు పిలుస్తారు, పొద్దున ఎనిమిదికి మళ్లీ ఆపరేషన్ల లిస్టు ఉంటుంది. ఆ టెన్షన్‌కు తోడు, టేబుల్ మీది నుంచి రోగిని స్ట్రెచర్ మీదికి ఎత్తీ ఎత్తీ నా నడుము పోయింది. ఇక జీతం. సుప్రీంకోర్టు ఆదేశంతో ఏర్పాటైన కమిటీ, 50 పడకల లోపు ప్రైవేటు ఆసుపత్రుల్లో కూడా నర్సుకు నెలకు 20 వేల రూపాయలకు తగ్గకూడదని 2016లో చెప్పింది. మా ఊళ్లో ఆ మాట ఏ ఆసుపత్రి చెవికీ ఎక్కలేదు.

ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్ జిల్లా వైద్య ఆరోగ్యశాఖ అధికారి చేతిలో ఉంది. రెన్యువల్‌కు వచ్చినప్పుడు థియేటర్‌లోకి వెళ్లి మత్తు మిషన్ వెనక్కి ఒక్కసారి చూడమని ఆ అధికారులను వేడుకుంటున్నాను. గ్యాస్ పైపు ఎక్కడికి పోతోందో చూడాలి. ఖరీదైన ఏర్పాటు కుదరకపోతే, గోడకు చిల్లు పెట్టి ఒక వెడల్పాటి గొట్టంతో గ్యాస్‌ను బయటికి వదిలినా చాలా తేడా వస్తుంది. సిబ్బంది టీకా కార్డులు, ఈ ఏడాది పరీక్షల కాగితాలు అడగాలి. గర్భిణి అయిన సిస్టర్ కోరితే ఉద్యోగం పోకుండా వేరే చోటికి మార్చాలని రాతపూర్వకంగా ఆదేశం ఇవ్వాలి. ఇవి చూశాకే రెన్యువల్ సంతకం పెట్టాలి.

ఇట్లు,
ఒక మాజీ ఓటీ సిస్టర్,
గుంటూరు జిల్లా