నాలుగు రాతి కూసాలు పాతలేమా?

సంపాదకులకు,

అడ్డదారిన మా వీధుల్లోకి దూరే కార్లను ఆపడం ఎట్లా అని పెట్టుకున్న మా కాలనీ సమావేశం రసాభాస అయిందని పోయిన వారం మీ జిల్లా పేజీలో నాలుగు ముక్కలు వేశారు. మీ విలేకరి టీ తాగి వెళ్లిపోయాకే అసలు రసాభాస మొదలైంది. కోపం తగ్గాక రాద్దామని ఇన్నాళ్లు ఆగాను. తగ్గలేదు.

సాయినగర్ సంగతి అనంతపురంలో తెలియనిదెవరికి? సప్తగిరి సర్కిల్లో బండ్లు నిలబడిపోతే చాలు, సుభాష్ రోడ్డు మీద పోవాల్సిన కార్లన్నీ మా క్రాసుల్లోకి దూరతాయి. ఈ వీధుల్లో వాటికి పనేమీ లేదు, ఇటు దూరి అటు తేలడమే. మా ఆవిడ తెల్లవారుజామునే ముగ్గు పెట్టేసుకోవాలి. ఏడు దాటిందంటే వంగిన నడుం మీదే హారను కొడతారు.

సమావేశంలో సగం మంది స్పీడ్ బ్రేకర్లు కావాలన్నారు. ఉన్నవి చాలవా? రోడ్లకు కొలతలు ఖరారు చేసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్కలో స్పీడ్ బ్రేకరంటే 10 సెంటీమీటర్ల ఎత్తు, 3.7 మీటర్ల వెడల్పు, తెల్ల చారలు, ముందుగా ఒక బోర్డు. మా వీధిలోది ఎవరింటి మిద్దెకో పోయగా మిగిలిన కాంక్రీటు ముద్ద. దాని మీద చీకట్లో పడి చెయ్యి విరగ్గొట్టుకున్నది మోపెడ్ మీద పాలు తెచ్చే పిల్లోడు. కారువాళ్లకేం, ఎగిరి దూకి పోతున్నారు.

మిగతా సగం గేటు పెట్టి వాచ్‌మన్‌ను కూర్చోబెడదామన్నారు. పబ్లిక్ రోడ్డుకు గేటేమిటి, ఇది మన పెరడా?

నేను చెప్పింది ఇంతే. వీధికి ఒక కొసన అడ్డంగా నాలుగైదు రాతి కూసాలు పాతుదాం. ఈ జిల్లాలో వానకు కరువు గానీ కూసాలకు కాదు గదా, ఏ తోట చుట్టూ చూసినా అవే. మధ్యలో నాలుగడుగుల సందు వదిలితే నడిచేవాళ్లు, సైకిళ్లు, స్కూటర్లు, కూరగాయల తోపుడు బండి అన్నీ పోతాయి. కారు పోదు. అట్లని ఏ ఇంటికీ కారు రాకుండానూ పోదు. వచ్చిన కొసనుంచే తిరిగి పోవాలి, అంతే. అడ్డదారి మూసుకుపోతుంది.

వెంటనే ఒక పెద్దమనిషి లేచి "ఫైరింజను యాడినుంచి వస్తాది సార్?" అన్నాడు. నడిమి కూసం బదులు తాళం వేసి తీసే ఇనుప కడ్డీ పెట్టొచ్చన్నాను. ఆయన కార్లు రెండూ వీధిలోనే ఉంటాయని కూడా అన్నాను, అక్కడే గొడవైంది. మా రోడ్డు 30 అడుగులు. రెండు పక్కలా కాలువలు, వాటి మీద ఇళ్ల ర్యాంపులు కలిపి ఆరడుగులు పాయె. రెండు వరసల కార్లకు పన్నెండడుగులు పాయె. మిగిలిన పన్నెండడుగుల్లో రానుపోను కార్లు, ఆటోలు, స్కూలు వ్యాన్లు, నీళ్ల ట్యాంకరు. ఫైరింజను ఇప్పుడు మాత్రం యాడినుంచి వస్తాదో ఆయనే చెప్పాల. "కారు నెత్తిన పెట్టుకోమంటావా?" అని ఇంకొకాయన. కొనేముందు అడగాల్సిన మాట అది.

బేరాలు పడిపోతాయని కొట్లవాళ్ల భయం. ఢిల్లీ చాందినీ చౌక్‌లో 2021 నుంచి పొద్దున తొమ్మిది మొదలు రాత్రి తొమ్మిది దాకా మోటారు బండ్లకు నిషేధం ఉంది. పోలీసు పక్కకు తిరిగితే దూరేవాళ్లు అక్కడా ఉంటారు, ఒప్పుకుంటాను. కానీ ఆ కొట్లు మూతబడలేదే!

ఇక అధికారులు. అర్జీ పట్టుకుని ఒక ఆఫీసుకు పోతే రోడ్డు మాది, ట్రాఫిక్ మాది కాదన్నారు. ఇంకో ఆఫీసులో ట్రాఫిక్ మాదే గానీ రోడ్డు మాది కాదన్నారు. మధ్యలో మేమెవరి వాళ్లమో తేలలేదు. మోటారు వాహనాల చట్టం, 1988లో 115వ సెక్షన్ అని ఒకటుంది. ప్రజల భద్రత, సౌకర్యం కోసం ఫలానా రోడ్డులో ఫలానా రకం బండ్లను ఆపే అధికారం రాష్ట్ర ప్రభుత్వానికీ, ప్రభుత్వం అధికారమిచ్చిన వారికీ ఉంది. నెలకు మించని ఆంక్షకైతే గెజిట్ ప్రకటన కూడా అక్కర్లేదు, స్థానికంగా తెలియజేస్తే చాలు. ఒక్క నెల చేసి చూడండి అని అడిగితే "ఇట్లాంటివి ఈడ జరగవు పెద్దాయనా" అన్నారు. జరిగేవి ఏవో మాకు తెలుసు. ప్లానులో సెల్లారు పార్కింగని చూపిస్తారు. బిల్డింగు లేచాక అదే సెల్లారులో మందుల షాపు, రక్త పరీక్షల గది వెలుస్తాయి. వచ్చినవాళ్ల కార్లు మా వాకిళ్ల ముందర నిలుస్తాయి. ఆ సెల్లార్లు ఖాళీ చేయించడానికి ఏ కొత్త చట్టం రావాలి? ఎవరూ కదలరు. రోడ్డు పక్కన పూలమ్మే ఆమె గంపను మాత్రం వారానికోసారి ఎత్తుకుపోతారు.

నా కారు కూడా వీధిలోనే ఉంటుంది, దాచను. కాంపౌండు లోపల పట్టాలంటే సన్నజాజి పందిరి తీసేయాలి. మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు. కూసాలు పాతే రోజు ముందుగా చెప్పమనండి, ఒప్పిస్తాను.

ఇట్లు,
విశ్రాంత ఉపాధ్యాయుడు,
సాయినగర్, అనంతపురం