మోరిస్ ఖర్చు లెక్క

ఆక్స్‌ఫర్డ్,
ఆదివారం రాత్రి

నాయనా,

నువ్వు ఫోటోలో చూసి మురిసిపోయిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్‌ను నిన్న పోయి చూసొచ్చాను. 1958 నాటి సిరీస్ త్రీ. మన అంబాసిడర్ పుట్టింది దీన్నుంచే కదా, ముందునుంచి చూస్తే అచ్చం నీ బండే. తలుపు తీయగానే పాత సీట్ల వాసన, పెట్రోలు వాసన కలిసి కొట్టాయి. పుట్టపర్తికి ఇంకా రైలు రాని రోజుల్లో నువ్వు ధర్మవరం స్టేషన్ బయట బేరం కోసం కాచుకోనుంటే, నేను వెనక సీట్లో నిద్రపోయేదాన్ని. కాసేపు నోట మాట రాలేదు.

తర్వాత బండి కిందికి దూరి ఫోన్ లైటేసి చూశాను. డ్రైవర్ తలుపు కింది పట్టీని తాళంచెవితో నొక్కితే చెవి లోపలికి దిగిపోయింది, తుప్పు పెచ్చులై చేతి మీద రాలింది. ఇక్కడ చలికాలంలో మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, ఆ ఉప్పు చేసిన పని అది. దీనికి కింద విడిగా చాసిస్, అంటే ఇనుప చట్రం లేదు, బాడీయే బలం. పైన పెయింటు కొట్టి సరిపెట్టుకునేది కాదు.

ఇంక ఖర్చు. బండి అమ్మేవాడు 6,000 పౌండ్లు చెప్పాడు. మన దేశానికి పంపడానికి ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ ఇంకో 2,200 అన్నారు. అంతా కలిపి మన లెక్కన దగ్గరదగ్గర పది లక్షలు. పన్ను బండి ధర ఒక్కదాని మీదే కాదు నాయనా, ఆ కిరాయి, ఇన్సూరెన్స్ మీద కూడా వేస్తారు, ఆ పన్నే అసలును మించిపోతుంది. మొత్తం ఇరవై లక్షలు దాటుతుంది. కాగితాలు ఆలస్యమైతే రేవులో రోజుకింతని అద్దె వేరే.

మామూలు పాత కార్లు తయారై మూడేళ్లు దాటితే తీసుకురానివ్వరు. 50 ఏళ్లు నిండిన వింటేజ్ బండ్లకు వేరే దారి ఉంది, సరే. కానీ 2021 రూల్స్ ప్రకారం వింటేజ్ రిజిస్ట్రేషన్ చేసిన బండిని రోజువారీ తిప్పకూడదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, రిపేరుకు, పెట్రోలుకు తీయొచ్చు, అంతే. అమ్మను ఎక్కించుకుని కదిరి నరసింహస్వామి దగ్గరికి పోదామంటివే, అది కుదరదు. నాకు అన్నిటికంటే బాధేసింది ఇక్కడే.

నా ఫీజు కట్టడానికి నువ్వు బండి అమ్మిన రోజు నాకు బాగా గుర్తుంది. పొద్దున కొళాయి నీళ్లు పట్టి టైర్లు కూడా కడిగి అప్పగించావు. నీకు బండి కొనివ్వాలని అప్పటి నుంచీ ఉంది. అందుకే షెడ్డులో నిలబెట్టే బండి వద్దు, నువ్వు తోలే బండి కొందాం. అంబాసిడర్లు 2014 దాకా తయారయ్యాయి. అనంతపురంలోనో, హిందూపురం వైపో మంచిది ఒకటి వెతుకు. ఆర్సీ రెన్యువల్ అవుతుందో లేదో ముందే కనుక్కో. పెట్రోలు బండైతే రబ్బరు పైపులు, కార్బురేటర్ వాషర్లు మార్పించాలి, ఇప్పటి పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, పాత రబ్బరు దానికి తట్టుకోదు.

అడ్వాన్సు డబ్బులు వచ్చే వారం వేస్తాను. బండి చూడ్డానికి పోయినప్పుడు తలుపుల కింద తాళంచెవితో నొక్కి చూడు, నాలుగు వైపులా.

నీ పాప